ఏడున్నరకు ఏం వండాలి? ఒక ఇంటి తిండి ఖర్చు తగ్గిన కేసు

చదివింది హోంసైన్స్. పద్నాలుగేళ్లుగా ఇళ్ల ఖర్చుల లెక్కలు చూసి సలహా చెబుతున్నాను. నావల్ల బాగుపడ్డ కేసులు చెప్పుకోవడానికి చాలానే ఉన్నాయి కానీ, ఈ కేసులో మొదటి నెలన్నర నేనే వాళ్లను తప్పుదారి పట్టించాను. అందుకే రాసిపెడుతున్నాను. ఇంటివాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా పేట, ఉద్యోగాలు మార్చాను. అంకెలు వాళ్ల ఫోన్లలోంచి తీసినవే, దగ్గరి వందకు సవరించాను.

ఇల్లు, మనుషులు

హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1,05,000 చేతికొస్తుంది, అందులో 38,000 ఇంటి లోను కిస్తీకి పోతుంది. పిల్లలు ఒకరు తొమ్మిది, ఒకరు ఐదు చదువుతున్నారు. భర్తగారి తల్లికి 66 ఏళ్లు, నల్గొండ వైపు నుంచి వచ్చి నాలుగేళ్లుగా వీళ్లతోనే ఉంటున్నారు. భార్య ఇంటికి చేరేసరికి ఏడుంబావు, భర్త చేరేసరికి ఎనిమిదిన్నర. భర్తకు షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రాత్రిపూట అన్నం మానేశారు. ఈ చివరి వివరం మొదటి రోజే నా పుస్తకంలో రాసుకున్నాను కానీ, దాన్ని ఆరోగ్యం పద్దులో పడేసి వదిలేశాను. ఖర్చు లెక్కలో అదే పెద్ద ముడి అని తర్వాత తెలిసింది.

ఏం సమస్యతో వచ్చారు

2024 జులై, ఆషాఢ మాసం. క్రెడిట్ కార్డు బిల్లు వరసగా రెండు నెలలు పూర్తిగా కట్టలేకపోయారు. "కిరాణా మండిపోతోంది మేడమ్. ఏది ఎక్కడ చవకో ఒక లిస్టు రాసిస్తే చాలు" అని భార్య అడిగారు. తిండికి ఎంతవుతోందని అడిగితే ఇద్దరూ ఇరవై వేలన్నారు.

ఏప్రిల్, మే, జూన్ నెలల పేమెంట్లన్నీ ఫోన్లోంచి తీయించి కూర్చుని విడదీశాం. నెల సగటు ఇలా తేలింది:

నెల సరుకులు (బియ్యం, పప్పులు, నూనె, సబ్బులతో సహా): 9,800
పాలు, పెరుగు: 4,200
కూరగాయలు, పళ్ళు: 4,600
మాంసం, గుడ్లు: 2,600
పది నిమిషాల్లో సామాను తెచ్చే యాప్‌లు: 7,300
బయటి తిండి ఆర్డర్లు, టిఫిన్లు: 6,900

మొత్తం 35,400. భర్త ఒకటికి రెండుసార్లు కాలిక్యులేటర్ కొట్టి చూసుకున్నారు. ఇలాంటి తేడా నాకు కొత్త కాదు. పెద్ద బిల్లు ఒక్కటే గుర్తుంటుంది, 180, 240 రూపాయల బిల్లులు ఎవరికీ గుర్తుండవు. కేంద్రం చేసిన 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో కూడా పట్టణాల్లో తిండికి పోయేది మొత్తం ఖర్చులో దాదాపు 40 శాతం. అందులో అన్నిటికంటే పెద్ద పద్దు బియ్యమో పాలో కాదు. పానీయాలు, చిరుతిళ్లు, ప్రాసెస్ చేసిన తిండి కలిసి మొత్తం ఖర్చులో దాదాపు 11 శాతం. ఈ సంగతి తెలిసి కూడా ఆ రోజు నా కన్ను 9,800 మీదికే పోయింది. వాళ్లు కిరాణా అన్నారు కాబట్టి నేనూ కిరాణా అనుకున్నాను.

మొదటి ప్రయత్నం: చవకగా, టోకుగా

నా ఆలోచన ఇదీ. ఐదుగురి ఇల్లు, వాడకం పెద్దది. టోకున కొంటే కందిపప్పు మీద కిలోకు ఇరవై రూపాయల పైనే మిగులుతుంది. ఆదివారం రైతుబజారుకు వెళ్తే, అక్కడ బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి కాబట్టి మోసపోయే భయం లేదు. బయటి ఆర్డర్లు పూర్తిగా బంద్. కాగితం మీద నెలకు తొమ్మిది వేలు మిగలాలి.

ఆగస్టు మొదటి వారంలో భార్యాభర్తలు బేగంబజార్ వెళ్లి రెండు నెలలకు సరిపడా తెచ్చారు. కందిపప్పు, మినపగుళ్ళు ఐదేసి కిలోలు, పెసరపప్పు మూడు కిలోలు, రవ్వలు, చింతపండు, ఎండుమిర్చి, 15 లీటర్ల నూనె డబ్బా. బియ్యం దగ్గర మాత్రం ఒక్క మాట ముందే చెప్పాను, అది ఇప్పటికీ పనికొస్తోందట. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ అని 2022 జులైలో పెట్టాక, బజారంతా 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఒక షాపులో 25, ఇంకో షాపులో 26 ఉంటే బస్తా ధరలు పోల్చి లాభం లేదు, కిలో ధర కట్టి చూడాలి. నూనె ప్యాకెట్లదీ అదే తంతు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. షెల్ఫులో పక్కపక్కనే ఒకే సైజులో కనిపించే ప్యాకెట్లలో అంతకంటే తక్కువ గ్రాములవీ ఉంటాయి.

ఎలా చెడింది

ఆగస్టు లెక్క: సరుకులు 17,200 (ఇది రెండు నెలలకు కాబట్టి సరే), యాప్‌లు 6,700, బయటి తిండి 7,200. అంటే బంద్ అన్న పద్దు తగ్గకపోగా పెరిగింది. రెండో వారం నుంచే భర్త వేరే ఫోన్లోంచి ఆర్డర్ చేసి ఆ సంగతి లెక్కలో రాయలేదు. పెద్దబ్బాయి నోరు జారితే బయటపడింది. దాంతో ఆలుమగల మధ్య రెండు రోజులు మాటల్లేవు.

నూనె డబ్బా వాళ్ల పాత వాడకం ప్రకారం, అంటే నెలకు ఏడు లీటర్ల చొప్పున, రెండు నెలల పైన రావాలి. 47 రోజులకే అడుగంటింది. మధ్యలో వరలక్ష్మీవ్రతం, వినాయక చవితి వచ్చాయి నిజమే. పిండివంటలకు ఎంత పోయిందో పెద్దావిడనడిగితే రెండు లీటర్లకు మించదన్నారు. మిగతాది చెయ్యి. ప్యాకెట్ అయితే సగానికి వచ్చేసరికి కంటికి తెలుస్తుంది. డబ్బాలోంచి మగ్గుతో ముంచుకునేటప్పుడు ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. పైగా డబ్బా అయిపోయిన సమయమూ బాగాలేదు. సెప్టెంబరు 14న కేంద్రం దిగుమతి సుంకం పెంచింది, కొత్తగా కొన్న నూనె లీటరుకు ఇరవై రూపాయల పైనే ఎక్కువ పడింది.

వానాకాలంలో పెసరపప్పుకు, బొంబాయి రవ్వకు పురుగు పట్టింది. ఆషాఢ శ్రావణాల్లో ముసురు పట్టినప్పుడు పప్పులు నిల్వ పెట్టకూడదని మా అమ్మమ్మకు తెలుసు, డిగ్రీ ఉన్న నాకు ఆ రోజు గుర్తు రాలేదు. ఇక ఆదివారం తెచ్చిన తొమ్మిది కిలోల కూరగాయల్లో ఒక వారం పారేసినవన్నీ తూకం వేయించాను. రెండు కిలోల పైనే. తోటకూర కట్టలు ఫ్రిజ్ అడుగు ట్రేలో నీరుగారిపోయి ఉన్నాయి. ఆ ట్రేలోనే మూడు కొత్తిమీర కవర్లు కనిపించాయి. ఒక్కోదానిలో పై కొసలు మాత్రమే గిల్లి, మిగతాది నల్లబడేవరకు వదిలేశారు.

అన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. చెత్త తూకం వేస్తుంటే పెద్దావిడ చూసి, "అంటే నేను పారబోస్తున్నాననా అమ్మా?" అన్నారు. ఆవిడ ఆ రోజంతా వంటగదిలోకి రాలేదట. లెక్క సరిగ్గా రావాలన్న తాపత్రయంలో, ఆ ఇంట్లో వండే మనిషిని ఒక్కసారి కూడా కూర్చోబెట్టి అడగలేదని అప్పుడు తట్టింది.

మళ్ళీ మొదటికి: ధర వదిలి టైమ్ చూశాం

సెప్టెంబరు రెండో వారంలో, మా ఆఫీసులో కాకుండా వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర, పెద్దావిడ కూడా ఉండగా కూర్చున్నాం. ఈసారి ఏం కొన్నారన్నది పక్కనబెట్టి, ఎన్ని గంటలకు కొన్నారో చూశాం. ఆగస్టులో సామాను యాప్ ఆర్డర్లు 41. అందులో 29 సాయంత్రం ఆరూ నలభై ఐదుకూ తొమ్మిదికీ మధ్యవే.

ఒక బిల్లు ఉన్నదున్నట్టు చెబుతాను. మంగళవారం, 7:34. ముందు కొత్తిమీర, 18 రూపాయలు. దాని ఒక్కదానికే డెలివరీ చార్జీ పడుతుందని పెరుగు ప్యాకెట్, ఇడ్లీ పిండి. ఇంకా మినిమమ్ అందకపోతే చిప్స్ రెండు, చిన్నోడికి ఐస్‌క్రీమ్. మొత్తం 312. ఫ్రిజ్‌లో ఆ రోజు లీటరు పాలు వాడకుండా ఉన్నాయి. అటక మీద గ్రైండర్ ఉంది. కొత్తిమీర కూడా ఉంది, అడుగు ట్రేలో.

"ఏడున్నరకు ఇంట్లో ఏం జరుగుతుంది?" అని అడిగాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు.

కోడలు: "వచ్చి బ్యాగ్ పెట్టేసరికి పిల్లలు ఆకలంటారు. ఏం చేయాలో ఆలోచించే ఓపిక ఉండదు."

కొడుకు: "నాకు చపాతీలు చేయాలి. తనకు కష్టమని నేనే ఆర్డర్ పెట్టేస్తాను."

పెద్దావిడ కాసేపు ఊరుకుని, "నేను ఇంట్లోనే ఉంటాను కదమ్మా. నాలుగింటి నుంచి ఖాళీయే. ఎవరికేం కావాలో తెలియకుండా వండితే మిగిలిపోతుంది. మిగిలితే మళ్ళీ నాదే తప్పు. అందుకని కోడలు వచ్చేదాకా ఆగుతాను" అన్నారు.

కోడలు ఆవిడ వంక చూసి, "ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదేంటి అత్తయ్యా" అంది. నేను పుస్తకంలో ఏమీ రాసుకోలేదు, రాయాల్సిన అవసరం లేకపోయింది.

నా నిర్ణయం మారింది ఇక్కడే. మన వంటలో చవకైనవి చాలావరకు ముందుగా మొదలుపెట్టాల్సినవే. పెసలు నానాలి, శనగలు నానాలి, ఇడ్లీ పిండి పులవాలి, పెరుగు తోడుకోవాలి. వీటిలో ఏదీ ఏడున్నరకు అనుకుంటే అయ్యేది కాదు. ఏడున్నరకు అనుకుంటే దొరికేవన్నీ ప్యాకెట్లో ఉండేవే. కాబట్టి ఎక్కడ కొనాలన్న ప్రశ్న నేను తొందరపడి మొదట వేసుకున్నాను. రాత్రి వంట ఎవరు, ఎప్పుడు అనుకుంటారన్నది అంతకంటే ముందు తేలాలి.

ఏం పనిచేసింది

పొద్దున పిల్లల డబ్బాలు కట్టేటప్పుడే రాత్రికి ఏమిటో ఒక్క మాట అనుకోవాలి. వారానికి సరిపడా మెనూ చార్టు వేద్దామని కోడలు అన్నారు, నేనే వద్దన్నాను. చార్టులు మూడో వారానికి ఫ్రిజ్ మీద అలంకారంగా మిగలడం చాలా ఇళ్లలో చూశాను. ఒక పూట ముందు తెలిస్తే చాలు. పొద్దున "పెసరట్టు" అని మాట పడితే పెద్దావిడ పెసలు నానబోస్తారు, సాయంత్రం ఆరుకు మిక్సీ వేస్తారు. భర్తకు చపాతీ బదులు వారంలో మూడు రోజులు పెసరట్టు అయింది. రాత్రిపూట అది సరిపోతుందా అని డాక్టరును అడిగి రమ్మన్నాను, ఫరవాలేదన్నారట. ఒత్తి కాల్చే పని తప్పడంతో బయటి ఆర్డర్లు వాటంతట అవే సగం పడిపోయాయి. నెలన్నరపాటు నేను బంద్ పెట్టి సాధించలేనిది గిన్నెడు పెసలు సాధించాయి.

రెండోది, వారం వారం కొంత నగదు పెద్దావిడ చేతికి. కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు ఆవిడ ఇష్టం, లెక్క అడగకూడదు. ఇది భర్తకు నచ్చలేదు. "గేటు ముందు బండి దగ్గర రైతుబజారు కంటే కిలోకు పదీ ఇరవై ఎక్కువ మేడమ్" అన్నారు. నిజమే. కానీ తొమ్మిది కిలోల్లో రెండు కిలోలు పారేస్తే, కొన్న ధర మీద నాలుగో వంతుకు పైగా అదనంగా కట్టినట్టే కదా. బండి దగ్గర పావుకిలో బీరకాయలు కొనొచ్చు, రైతుబజారుకు అంత దూరం వెళ్లి పావుకిలో ఎవరూ కొనరు. అదీగాక, బండతను ఆవిడకు కరివేపాకు, కొత్తిమీర ఊరికే వేస్తాడు, ఆ 18 రూపాయల కొత్తిమీరతో మొదలయ్యే బిల్లు పోయింది. రైతుబజారును పూర్తిగా మానలేదు. ఉల్లి, ఆలు, చామ లాంటి నిలవుండేవి పదిహేను రోజులకోసారి అక్కడే తెచ్చుకుంటున్నారు.

మూడోది గ్రైండర్. వారానికి రెండు ప్యాకెట్ల ఇడ్లీ పిండి కొంటున్నారు, ప్యాకెట్ 90. గ్లాసు మినపగుళ్ళకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ వేస్తే అందులో సగం ఖర్చు కూడా కాదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎందుకు చేయడంలేదంటే, గ్రైండర్ అటక మీద ఉంది. దించాలంటే స్టూలు వేసుకుని మగవాళ్లు ఎక్కాలి. దాన్ని గట్టు మీదికి చేర్చడానికి ఓవెన్‌ను బాల్కనీలోకి పంపించాం. అంతే, ఇడ్లీ పిండి ప్యాకెట్లు ఆగిపోయాయి.

యాప్‌లు తీసేయించలేదు. అందులో సేవ్ అయివున్న కార్డు మాత్రం తీయించి, నగదు మీదే ఆర్డర్ అన్నాం. డెలివరీ అబ్బాయికి నోట్లు లెక్కపెట్టి ఇవ్వాలంటే చిప్స్ చాలాసార్లు ఆర్డర్లోంచి దిగిపోతాయి.

బయటి తిండిని శనివారం రాత్రికి పరిమితం చేశాం. అది పండగలాగా ఉండాలి, ఎవరూ దాన్ని దండగ అనకూడదని షరతు. దానితోపాటు ఒక చిన్న దారి వదిలాను, దీనికి మా వృత్తిలో కొందరు ముక్కు విరుస్తారు. మరీ చేతకాని రోజున కుక్కర్ పెట్టేసి, సందు చివర కర్రీ పాయింట్‌లో రెండు కూరలు తెచ్చుకోవచ్చు. నూటాఇరవైలో పనైపోతుంది. అదే పూట ఫోన్లో ఆర్డరైతే ఐదుగురికి ఆరేడు వందలు. ఇంటి వంట పవిత్రతను కాపాడటానికి నన్ను పిలవలేదు, బిల్లు తగ్గించడానికి పిలిచారు.

నూనెకు టేపు అంటించాం. అదెలాగంటే, లీటరు సీసాలో పోసి, ఆరో రోజు ఎక్కడిదాకా ఉండాలో అక్కడ గీత. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చూపిన పళ్ళెంలో రోజుకు మనిషికి నూనె 27 గ్రాములు. ఐదుగురికి నెలకు నాలుగు కిలోల చిల్లర, అంటే నాలుగున్నర లీటర్లు. అంతకు దించితే వేపుళ్ళు పోయాయని పిల్లలు గొడవ చేస్తారని ఐదూ ఐదుంబావు దగ్గర ఆపాం. డబ్బా మళ్ళీ కొనలేదు. టోకు బేరం మీద నా మోజు ఆ డబ్బాతోనే పోయింది.

చివరగా కందిపొడి. పదిహేను రోజులకో సీసా. అక్టోబరులో ఒక రాత్రి వాన, కరెంటు లేదు, కోడలు ట్రాఫిక్‌లో చిక్కుకుంది. పెద్దబ్బాయి ఫోన్ తీసి యాప్ తెరిచాడు. ఈలోగా నానమ్మ గ్యాస్ మీద అన్నం పెట్టి, చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పచ్చిపులుసు కలిపేశారు. కందిపొడి, నెయ్యి వేసి ముద్దలు చేసి పెడితే చిన్నోడు ఏడు ముద్దలు తిన్నాడని, మర్నాడు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారావిడ. ఏడు అన్న అంకెను రెండుసార్లు చెప్పారు.

డిసెంబరు లెక్క

సరుకులు 8,600, పాలు పెరుగు 3,500, కూరగాయలు పళ్ళు 5,400, మాంసం గుడ్లు 2,800, యాప్‌లు 1,400, బయటి తిండి 2,700. మొత్తం 24,400. ఏప్రిల్-జూన్ సగటు కంటే 11,000 తక్కువ.

ఈ లెక్కలో గమనించాల్సింది, వాళ్లు మొదట మండిపోతోందన్న కిరాణా తగ్గింది 1,200 మాత్రమే. నూనె ధర పెరగకపోతే ఇంకో వందో రెండొందలో తగ్గేది. కూరగాయల ఖర్చు 800, మాంసం గుడ్లది 200 పెరిగాయి. అవి పెరగనిచ్చాం, ఇంట్లో వండుతుంటే పెరగాలి కూడా. పాల పద్దు తగ్గింది పెరుగు ఇంట్లోనే తోడు పెట్టడం వల్ల. యాప్‌లు, బయటి తిండి రెండూ కలిపి 10,100 తగ్గాయి. కార్డు బాకీ ఫిబ్రవరికి తీరింది.

నా వైపు నుంచి మారినవి

కేసు మొదట్లో నింపించే కాగితంలో ఇదివరకు మొదటి ప్రశ్న "సరుకులు ఎక్కడ కొంటారు" అని ఉండేది. ఇప్పుడు మొదటి ప్రశ్న "సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఎవరుంటారు" అని. బిల్లుల్లో తేదీతోపాటు టైమ్ కూడా రాయించుకుంటున్నాను. వంట చేసే మనిషి లేకుండా మొదటి సిట్టింగ్ పెట్టడం లేదు. చెత్త తూకం వేయాల్సివస్తే వాళ్లచేతే వేయిస్తాను, అంకె నాకు చెప్పాల్సిన పని లేదంటాను.

ఇందులో ఒక చిక్కు మాత్రం తీరలేదు. పదకొండు వేలు మిగిలాయని రాశాను కానీ, అందులో ఎక్కువ భాగం 66 ఏళ్ల మనిషి మోకాళ్ల మీద మిగిలింది. నవంబరులోనే ఆవిడ కాళ్లు వాచాయి. అప్పుడు భర్త మంగళ, శుక్రవారాలు ఇడ్లీ పిండి రుబ్బడం, రోజూ రాత్రి గిన్నెలు తోమడం తన మీద వేసుకున్నారు. నేను అడిగినప్పుడల్లా చేస్తున్నానంటారు. పెద్దావిడనడిగితే నవ్వి ఊరుకుంటారు.

మార్చిలో ఆవిడ నెల రోజులు కూతురింటికి వెళ్లారు. ఆ నెల బిల్లు 28,900. పాత 35 వేలకు పోలేదు కానీ, రాత్రి ఆర్డర్లు పదహారు. ఆ లెక్క పంపుతూ భర్త కింద ఒక లైన్ రాశారు: "మేడమ్, పెసలు నానబోయడం మూడుసార్లు మర్చిపోయాను. అమ్మ ఏప్రిల్ 4న వస్తోంది."

అమ్మ రాకముందే ఫోన్లో పొద్దున ఆరున్నరకు అలారం పెట్టుకోమని జవాబిచ్చాను. పెట్టుకున్నారో లేదో మే నెల లెక్క వస్తే తెలుస్తుంది.